ఆరేళ్ల అనుభవం గల మనిషి

ఫిబ్రవరి 9
మూడో అంతస్తు, సముద్రం వైపు ఫ్లాటు

ఆడిటరమ్మా,

ఈ రోజు పనులు: దుప్పట్లు రెండు, తలగడ గలీబులు నాలుగు ఉతికి ఆరేశాను. ఉప్పు గాలికి తుప్పు పట్టిన కిటికీ గొళ్లేలకు నూనె రాశాను. కరెంటు బిల్లు కట్టాను, పోయిన నెల కంటే తక్కువే. మీ అన్నయ్య చొక్కాలు ఐదు ఇస్త్రీ చేశాను. వంట రెండు పూటలా. ఎదురు ఫ్లాటుకి ఒక పూట భోజనం. నీకు ఉత్తరం ఒక్కటే మిగిలింది, ఇదిగో కూర్చున్నాను.

ఎదురు ఫ్లాటుకి భోజనం ఎందుకంటావా? లెక్చరరు గారు పోయారు. మాలాగే రిటైరై, పింఛను డబ్బుకి ఈ దేశంలో అయితే దర్జాగా బతకొచ్చని వచ్చినవాళ్లు. పొద్దున గడ్డం గీసుకుంటూ పడిపోయారు. ఆవిడకి కూర్చుని ఏడ్చే తీరిక కూడా దొరకలేదు. మూడో రోజుకే బ్యాంకువాళ్లు ఆయన ఖాతా ఆపేశారు. వీసా ఆఫీసువాళ్లు మాత్రం భార్య కాబట్టి ఒక ఏడాది గడువిచ్చారట. ఆవిడ పేర భార్య డిపాజిట్టు విడిగా ఉంది కనుక తిండికి లోటు లేదు.

అప్పటినుంచీ నా బుర్రలో పురుగు తొలుస్తోంది. అగ్గిపెట్టె కొన్నా లెక్క రాసే మనిషిని, నా వీసా కాగితాలు ఇంతవరకు చూడలేదు. అన్నీ మీ అన్నయ్య పెట్టెలో తాళం కింద ఉంటాయి. 'నీకెందుకే, నలిపేస్తావు' అంటారు. వచ్చేటప్పుడు రూలు నువ్వే చెప్పావు, గుర్తుందా? ఆయనకి ఒక డిపాజిట్టు, వెంట భార్య ఉంటే అందులో సగం ఇంకోటి. ఆ సగం కోసం మా అమ్మ ఇల్లు అమ్మగా నా వాటాకి వచ్చిన పద్దెనిమిది లక్షలూ తెచ్చి నీ చేతిలో పెట్టాను. ఏటా అక్కడ నా పన్ను లెక్కలో ఆ వడ్డీ చూపిస్తున్నావు, నేను సంతకం పెడుతున్నాను. కానీ బ్యాంకు కాగితం కళ్లతో చూడలేదు. జూలైలో వీసా పొడిగించుకోవాలి. ఆ డిపాజిట్టు సర్టిఫికెట్టు నకలు ఒకటి పంపించవూ?

డబ్బు సంగతి ఫోన్లో మాట్లాడకూడదు, కాగితం మీద ఉండాలని కాలేజీ రోజుల్లో నాకు నేర్పింది నువ్వే. నీ అన్నయ్యని నాకు అంటగట్టినప్పుడు మాత్రం ఏ కాగితమూ ఇవ్వలేదు, గడుసుదానివి.

ఇంకో చిన్న సందేహం. ఏటా క్లినిక్కులో రక్తం తీసి, ఛాతీ ఫోటో తీస్తారు. నాకు మాత్రమే. మీ అన్నయ్యని ఎప్పుడూ పిలవరు. నా కార్డు పసుపు, ఆయనది నీలం. ఆ భాష మనకి రాదు కదా, అడిగితే 'ఆడవాళ్లకి పసుపేనే, శుభం' అని నవ్వారు. కింద వాచ్‌మన్ కూడా నన్ను ఎప్పుడూ వెనక లిఫ్టు వైపు పంపిస్తాడు. ముందు లిఫ్టులో రద్దీ అని కాబోలు, మంచివాడు.

మీ ఆయన, అదే మా అన్నయ్య గారి షుగరు ఎలా ఉంది?

నీ
వదిన


ఫిబ్రవరి 27
ఆఫీసు, ఫైళ్ల మధ్య

వదినా,

చావు కబురు చెప్తూ కరెంటు బిల్లు తగ్గిందని రాయగలిగే మనిషివి ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. పాపం లెక్చరరు గారు. ఆవిణ్ణి అడిగానని చెప్పు.

సర్టిఫికెట్టు విషయం. ఆ బ్యాంకు దాన్ని అసలు దరఖాస్తుదారుడికే ఇస్తుంది, అంటే అన్నయ్యకి. జూలైలో ఎలాగూ తీసుకుంటాడు. నా దగ్గర నకలు ఉండాలి, ఈ ఫైళ్ల కొండలో ఎక్కడుందో. మార్చి వచ్చిందంటే మా ఆఫీసు సంత అయిపోతుంది, నీకు తెలుసుగా. నీ డిపాజిట్టు రాయిలా ఉంది. వడ్డీ లెక్కలో చూపించాను, పన్ను కట్టించాను. నువ్వు సంతకం పెట్టు, తక్కినది నాకు వదిలెయ్.

కార్డుల రంగుల గురించి బుర్ర పాడుచేసుకోకు. ఒక్కో దేశానికి ఒక్కో పిచ్చి. ఒక్క మాట మాత్రం విను. వీసా ఆఫీసుకి నీ అంతట నువ్వు వెళ్లకు. మనకి భాష రాదు, వాళ్లకి ఓపిక ఉండదు. ఒక ముక్క ఎక్కువ చెప్పామంటే పాత ఫైళ్లన్నీ తిరగేస్తారు. అన్నయ్యని చూసుకోనీ.

మీ అన్నయ్య గారి షుగరు అదుపులోనే ఉంది, నోరే అదుపులో లేదు. ఇంటికి రంగులు వేయించాం. ముందు గది లేత గులాబీ. 'ఆసుపత్రిలో పడుకున్నట్టుంది' అంటున్నారు. నువ్వొస్తే ఆ గదే నీకు.

నీ
ఆడిటరమ్మ


మార్చి 19
మూడో అంతస్తు, వంటింటి బల్ల

ఆడిటరమ్మా,

నీ మాట వినలేదు. వీసా ఆఫీసుకి వెళ్లాను. నా పని మీద కాదు, లెక్చరరు గారి భార్యకి తోడుగా. భర్త పోయాక కార్డు మార్చుకోవాలట. బెంచీ మీద కూర్చుని సంచీలోంచి కార్డు తీసింది. నీలం.

'మీది నీలమా? ఆడవాళ్లకి పసుపు కదండీ' అన్నాను.

'ఎవరు చెప్పారు? మన బ్లాకులో ఆడవాళ్లందరిదీ నీలమే' అంది ఆవిడ.

కౌంటరులో మెడకి గొలుసుతో కళ్లజోడు వేసుకున్న మనిషి కూర్చుని ఉంది. మా వంతు రాగానే నా చేతిలో పసుపు కార్డు చూసి లెక్చరరు గారి భార్యని అడిగింది, 'ఈమె మీ ఇంట్లో పనిచేస్తుందా?' అని.

'అయ్యో లేదండీ, మా ఎదురింటావిడ.'

'అయితే ఎదురింట్లో పనిచేస్తుందా?'

నాకూ ఆమెకూ సగం సగం వచ్చిన ఇంగ్లీషులో కార్డు మీద ఉన్నది చదివి చెప్పించుకున్నాను. వర్గం: ఇంటిపని మనిషి. యజమాని: మీ అన్నయ్య పేరు. పొరపాటేమో చూడమన్నాను. ఆమె మళ్లీ కంప్యూటరులో చూసింది. పొరపాటు కాదు. నాలుగేళ్ల నుంచీ ఆరోగ్య పరీక్షలతో సహా పద్ధతిగా ఉంది. రిటైరై వచ్చినవాళ్లు ఒక పనిమనిషిని వెంట తెచ్చుకోవచ్చు, దానికి డిపాజిట్టు అక్కర్లేదు. జీతం నెలనెలా ఆ మనిషి ఖాతాలో వెయ్యాలి. యజమాని పోతే పద్నాలుగు రోజుల్లో పెట్టె సర్దుకోవాలి. ఆ ఖాతాలు, ఆ ఫ్లాటు, ఏ ఒక్కటీ నాకు చెందదు. మీ అన్నయ్యకి రేపు ఏమైనా అయితే నేను పని పోయిన మనిషిని, విధవని కూడా కాదు.

నా పాస్‌పోర్టులో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉంది. మార్పిద్దామంటే 'అనవసరపు ఖర్చు' అన్నారు. అప్పుడు పొదుపు అనుకున్నాను.

పక్క భవనంలోనే బ్యాంకు. నా పేర డిపాజిట్టు లేదన్నారు. జీతం ఖాతా ఒకటి ఉంది. మన డబ్బులో చూస్తే నెలకి ఇరవై ఎనిమిది వేలు పడుతుంది, మర్నాడే పోతుంది. నేను సంతకం పెట్టిన స్లిప్పులతోనే. గ్యాసు కాగితాలు అనుకుని పెట్టిన సంతకాలు అవి.

ఇంటికి వచ్చి వాచ్‌మన్ కళ్లలోకి చూడలేక మెట్లెక్కాను. అతను నాలుగేళ్లుగా నన్ను ఏమనుకుంటున్నాడో నా ఒక్కదానికే తెలియలేదు.

మీ అన్నయ్యని ఇంకా ఏమీ అడగలేదు. ముందు నీకే రాస్తున్నాను. నీ చేతుల మీదుగా వచ్చిన డబ్బు కదే, నిన్ను కూడా ఎంత తేలిగ్గా తీసుకున్నాడో చూడు. చెల్లెలివి, నువ్వు గట్టిగా అడిగితే దాచడు. ఆ పద్దెనిమిది లక్షలు ఏం చేశాడో కనుక్కో. నాకు ఇప్పుడు మాట్లాడుకోవడానికి నువ్వు తప్ప ఇంకెవరూ లేరు.

నీ
వదిన


ఏప్రిల్ 6
ఇల్లు, ముందు గది

వదినా,

నీ ఉత్తరం చదివాక ఆఫీసుకి సెలవు పెట్టేశాను. అన్నయ్య ఇంత పని చేస్తాడని కలలో కూడా అనుకోలేదు. డబ్బు అందగానే పంపించేశాను, అంతవరకే నాకు తెలుసు. తరవాత వాడు అక్కడ ఏం తిప్పాడో, ఏం రాశాడో నాకేం తెలుసు? ఈ మగవాళ్ల తెలివితేటలు ఇంతే. నాలుగు డబ్బులు మిగుల్తాయంటే కట్టుకున్నదాన్ని కూడా ఏ గడిలోనైనా రాసేస్తారు.

వాడికి ఉత్తరం రాశాను, చీవాట్లు పెట్టాను. కానీ వదినా, నా మాట విని ఇప్పుడు రచ్చ చెయ్యకు. తప్పుడు వివరాలు ఇచ్చారని తేలితే వాడి వీసా కూడా పోతుంది. డిపాజిట్టులో కోత వేస్తారు. ఈ వయసులో మళ్లీ ఇక్కడికి వచ్చి అద్దె ఇల్లు వెతుక్కోవాలి. కడుపు చించుకుంటే మన కాళ్ల మీదే కదా పడేది. పేరుకి ఏదో ఒక మాట రాసి ఉంది, అంతేగా? నువ్వు ఎవరివో మాకు తెలియదా? జూలైలో మెల్లగా మార్పిద్దాం. ఆ పాత ఫైలు మాత్రం కదిలించకు. ఒట్టు.

నీ
ఆడిటరమ్మ


ఏప్రిల్ 27
మూడో అంతస్తు

ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం అందిన రోజే మీ అన్నయ్యని అడిగాను. పేపరు చదువుతున్నారు. పసుపు కార్డు పేపరు మీద పెట్టాను.

'ఏమండీ, నేను మీకేమవుతాను?'

'పొద్దున్నే ఇదేం ప్రశ్నే?'

'ఈ కార్డులో ఏం రాసి ఉందో చదవండి.'

కార్డు చూశారు. కళ్లజోడు తీశారు. 'ఓ, అదా' అన్నారు.

ఇరవై ఆరేళ్ల కాపురానికి జవాబు ఆ ఒక్క ముక్క. ఇంతకంటే ఆయన కేకలేసినా బాగుండేది.

'కాగితం మీద ఏం రాస్తే ఏం పోయిందే? ఇంట్లో రాణివి కాదూ?'

'రాణిని వెనక లిఫ్టులో పంపుతారా? నా పద్దెనిమిది లక్షలు ఏవి?'

'నన్నడుగుతావేం? వెళ్లి నీ ఫ్రెండునడుగు. ఆ డబ్బు నా దాకా వస్తే కదా! ఈ ఉపాయం చెప్పింది అది, ఫారం నింపింది అది. సంతకం పెట్టమంటే నేను పెట్టాను.'

నేను నమ్మలేదు. మీ వైపు మాట్లాడాను. 'మీ తప్పు చెల్లెలి మీదకి తొయ్యకండి, అది నాకు నలభై ఏళ్లుగా తెలుసు' అన్నాను. పెళ్లయ్యాక మొదటిసారి ఆయన మీద గొంతెత్తాను, అది మీ కోసం.

మర్నాడు రుసుము కట్టి నా ఫైలు నకలు తీసుకున్నాను. పనిమనిషిగా రావాలంటే పాత యజమాని ఇచ్చిన యోగ్యతా పత్రం జతచెయ్యాలట. నాకు తెలియని సంగతి. మీకు తెలిసిన సంగతి. మీ ఆఫీసు కాగితం మీద, మీ సంతకంతో ఉంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను, తేడా ఉంటే దిద్దండి.

'ఈమె మా ఇంట్లో ఆరేళ్లు పనిచేసింది. వంట బాగా చేస్తుంది. శుభ్రత ఎక్కువ. డబ్బు విషయంలో పైసా తేడా రాదు, చెప్పకుండానే లెక్క అప్పజెబుతుంది. ఎక్కువ మాట్లాడదు, ఎదురు చెప్పదు. నమ్మకస్తురాలు. ఎవరైనా నిశ్చింతగా పనిలో పెట్టుకోవచ్చు.'

చాలాసార్లు చదివాను. మొదటి వాక్యం తప్ప ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. నా గురించి ఇన్ని మంచి మాటలు ఇన్నేళ్లలో మీరు నా ముఖం మీద ఎప్పుడూ అనలేదు. నేనేమిటో ఇంత బాగా తెలిసిన మనిషే ఇది రాయగలిగింది. వేరే ఎవరైనా రాసి ఉంటే నాకు ఇంత కష్టం ఉండేది కాదు.

పన్ను సంగతి కూడా చూసుకున్నాను. నాలుగేళ్లూ నాకు రాని వడ్డీకి పన్ను కట్టాను. నా పేర వచ్చిన జీతాన్ని దాచాను. రెండూ నా సంతకంతోనే. సంతకం పెట్టు, తక్కినది నాకు వదిలెయ్ అన్నారు మీరు. వదిలేశాను.

డబ్బు ఎక్కడుంది? ఈసారి నిజం రాయండి.

మీ అన్నయ్య భార్య


మే 16
ఇల్లు

వదినా,

'మీరు' అని రాశావు. దానికంటే నాలుగు తన్నినా పడేదాన్ని.

సరే, నిజమే రాస్తున్నాను. మా ఆయన షోరూము మూతపడిన సంవత్సరం నీకు గుర్తుంది. అప్పులు తీర్చేశామని నీకు చెప్పాను. తీర్చలేదు. వడ్డీకి ఇచ్చినవాళ్లు మా ఆఫీసు మెట్ల మీద వచ్చి కూర్చునేవాళ్లు. క్లయింట్లు వాళ్లని దాటుకుని లోపలికి వచ్చేవాళ్లు. సరిగ్గా అప్పుడే నువ్వు ఆ డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టావు. అన్నయ్యకి ఫోన్ చేసి ఏడ్చాను. వాడు 'వాడుకో, కానీ దాని డిపాజిట్టు సంగతి నువ్వే ఏదో ఒకటి చూడు' అన్నాడు. చూశాను. నాకు రూళ్లు తెలుసు. అందరికీ దారులు చూపించే ఉద్యోగమే కదా నాది.

ఏడాదిలో ఇచ్చేసి, నిన్ను భార్య వర్గంలోకి మార్పిద్దామనుకున్నాను. ఏడాది నాలుగయింది. ఆ పత్రం రాసిన రోజు అన్నం తినలేదు. నువ్వు నమ్మవు. నమ్మకు.

అడిగితే ఇచ్చేదాన్నిగా అంటావు. ఇచ్చేదానివే. తరవాత? నీ పుస్తకంలో ఒక పేజీ తెరిచి నా పేరు రాసి, కింద ఆ అంకె వేస్తావు. ఏటా వడ్డీ కలుపుతావు. ఒక్క మాట అనవు, నవ్వుతూనే ఉంటావు, నాకు తెలుసు. కానీ ఆ పేజీ ఉందని తెలిసి నీ ఎదురుగా కూర్చుని కాఫీ తాగడం నావల్ల కాదనిపించింది. నీ నిజాయితీ పక్కన నిలబడటం అంత తేలిక కాదు వదినా. చిన్నప్పటినుంచీ అంతే. తప్పు నాదే. ఇది మాత్రం నీకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ పత్రం నకలు ఎవరికైనా పంపావా? మా ఆఫీసుకి తెలిస్తే నా ఉద్యోగం నిలవదు. ఆ మాట అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

నీ
(ఏమని రాయను)


జూన్ 9
మూడో అంతస్తు

ఆడపడుచు గారికి,

పత్రం ఎవరికీ పంపలేదు. పంపను. ఆ భయంతో డబ్బు ఇవ్వనక్కర్లేదు. నాది కాబట్టి ఇవ్వండి.

అడిగి తీసుకుని ఉంటే మీ పేరు రాసేదాన్ని, వడ్డీ మాత్రం వేసేదాన్ని కాదు. మీ అమ్మగారి ఆసుపత్రి ఖర్చుకి నేనిచ్చినప్పుడు వేశానా? ఆ పేజీ మీకు గుర్తున్నట్టు లేదు. ఇప్పుడు మాత్రం వేస్తున్నాను. ఏడాదికి నూటికి ఏడు, చక్రవడ్డీ కాదు. జూలైకి నాలుగేళ్లు. అసలు పద్దెనిమిది లక్షలు, వడ్డీ ఐదు లక్షల నాలుగు వేలు. జూలై ఐదులోపు నాకు అందాలి. ఇరవయ్యో తారీకుతో ఈ వీసా గడువు అయిపోతుంది. అప్పటికి నా దగ్గర డబ్బు లేకపోతే మళ్లీ నాలుగేళ్లు పసుపు కార్డే, లేదా విమానమే.

భార్య వర్గంలోకి మారుస్తానని మీ అన్నయ్య అంటున్నారు. అది వద్దన్నాను. యాభై దాటిన వాళ్లెవరైనా పూర్తి డిపాజిట్టు కట్టి తమ పేర తామే వీసా తెచ్చుకోవచ్చట. ముప్ఫై ఆరు లక్షలు. నాకు యాభై రెండు. మీరు ఇవ్వాల్సినది పోను తక్కువ పడేది నా జీతంలో వస్తుంది.

అవును, జీతం అడిగాను.

'మొగుణ్ణి జీతం అడుగుతావా? నలుగురికీ తెలిస్తే నవ్విపోతారు' అన్నారు.

'మొగుణ్ణి అడగట్లేదండీ, యజమానిని అడుగుతున్నాను. నలుగురికీ తెలియాలంటే కార్మికుల ఆఫీసు బస్సుస్టాపు పక్కనే ఉంది.'

'ఇంత మాట ఎక్కడ నేర్చుకున్నావే?'

'మీ చెల్లెలి ఫారంలో. నెలకి ఎంతో, ఎన్నాళ్లో, అన్నీ స్పష్టంగా రాసింది.'

రెండు రోజులు హోటల్లో తిని వచ్చారు. మూడో రోజు తన డిపాజిట్టు ఒకటి విరిచి పదమూడు లక్షల నలభై నాలుగు వేలు నా ఖాతాలో వేశారు. ఈసారి స్లిప్పు పుస్తకం నా దగ్గరే ఉంది.

వర్గం మారాలంటే యజమాని వదులుతున్నట్టు ఉత్తరం కూడా ఇవ్వాలట. బల్ల దగ్గర కూర్చుని రాశారు. 'ఈమె నా దగ్గర పని మానేస్తోంది. నాకు అభ్యంతరం లేదు. మా మధ్య బాకీలు లేవు.' ఆ చివరి మాట, డబ్బు పడిందని బ్యాంకులో చూసుకుని వచ్చాకే రాయించాను. సంతకం పెట్టి, ఇంకేమైనా రాయాలా అని అడిగారు. జాలి వేసింది. కానీ ఆ ఉత్తరం మడిచి సంచీలో పెట్టుకున్నాను.

ఇకపై నా పన్ను కాగితాలు మీరు చూడక్కర్లేదు. వేరే ఆఫీసులో ఒకాయనకి అప్పగించాను. పాత నాలుగేళ్లూ సరిచేసి మళ్లీ దాఖలు చేస్తానన్నారు.

మీ అన్నయ్య భార్య


జూలై 3
ఇల్లు

వదినా,

డబ్బు పంపించాను. ఊరి చివర మేం కొనుక్కున్న స్థలం అమ్మేశాం. మా ఆయనకి మొత్తం చెప్పాల్సి వచ్చింది. అంతా విని, 'ఆవిడ సొమ్ముతో బతికామన్నమాట ఇన్నాళ్లూ' అని లేచి వెళ్లిపోయారు. అప్పటినుంచీ నా చేతి కాఫీ తాగట్లేదు, తనే కలుపుకుంటున్నారు.

ఇరవై మూడు లక్షల యాభై నాలుగు వేలు పంపాను. నువ్వు అడిగినదానికి యాభై వేలు ఎక్కువ. తప్పు లెక్క కాదు. నువ్వు క్లినిక్కులో పనిమనుషుల వరసలో నిలబడ్డ నాలుగు సార్లకి, ఆ వెనక లిఫ్టుకి, నాకు తోచింది అంతే. ఎంత పంపితే సరిపోతుందో నాకు తెలియలేదు. కాదనకు.

అన్నయ్య ఫోన్ చేశాడు. నువ్వు వేరే గదికి వెళ్తున్నావట. వదినా, వాడికి ఆ శిక్ష చాలు. నాకు కూడా ఏదో ఒకటి వెయ్యి, తిట్టు, వచ్చి నా ఇంట్లో నా వంట తిని ఉప్పు ఎక్కువైందని విసిరికొట్టు. ఇలా ఊరుకోకు. ఒక్కసారి 'నువ్వు' అని రాయి.

నీ
ఆడిటరమ్మ


జూలై 26
మూడో అంతస్తు, వీధి వైపు ఫ్లాటు

ఆడపడుచు గారికి,

పంపిన డబ్బు జూలై నాలుగున అందింది. డిపాజిట్టు నా పేర, నా సంతకంతో పడింది. కొత్త కార్డు నిన్న వచ్చింది. వర్గం గడిలో 'రిటైరైన వ్యక్తి' అని ఉంది. వృత్తి ఏమిటని అడిగితే గృహిణి అన్నాను. 'అందులోంచి రిటైరయ్యారా?' అంది కౌంటరులో మనిషి. నవ్వొచ్చింది, కానీ అక్కడ నవ్వలేదు.

లెక్చరరు గారి భార్య తన ఫ్లాటులో ఒక గది నాకు అద్దెకిచ్చింది. ఇక్కణ్ణుంచి సముద్రం కనిపించదు, బస్సులు కనిపిస్తాయి. మీ అన్నయ్య తలుపు ఎదురుగానే ఉంది. కలిసినప్పుడు పలకరించుకుంటాం. ఒంట్లో బాగాలేకపోతే చూస్తాను, ఆ విషయంలో మీకు బెంగ వద్దు. ఆయన వంటకి మనిషి కోసం వాచ్‌మన్‌కి చెప్పారు. నెలకి ముప్ఫై ఐదు వేలకి తక్కువైతే ఎవరూ రామంటున్నారట.

స్థలం అమ్ముకున్నారని తెలిసి బాధపడ్డాను. అన్నయ్య గారికి నా మీద కోపం లేదని ఆయన రాసిన ఉత్తరం అందింది. ఆయనకి విడిగా జవాబు రాస్తున్నాను.

మీరు ఎక్కువ పంపిన యాభై వేలు ఏ పద్దు కింద రాయాలో నాకు తెలియలేదు. అది అప్పూ కాదు, వడ్డీ కూడా కాదు. వెలకట్టమని నేను అడగనిది. మీ ఖాతాకి తిప్పి పంపాను, రసీదు జతచేశాను.

మీరు 'నువ్వు' అని రాయమన్నారు. రాద్దామని కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ పత్రంలో మీరు 'ఈమె' అని రాసిన దగ్గరే నా చెయ్యి ఆగిపోతోంది. ఎప్పటికైనా దాటుతానేమో. మాట ఇవ్వలేను.

ఉత్తరాలు రాయవద్దని అనను. జవాబు కోసం మాత్రం చూడకండి.

అసలు, పద్దెనిమిది లక్షలు. వడ్డీ, ఐదు లక్షల నాలుగు వేలు. మొత్తం ఇరవై మూడు లక్షల నాలుగు వేలు ముట్టింది. మీ పేర ఉన్న బాకీ ఈ రోజుతో చెల్లు.

ఇట్లు,
సంతకం